ఆరు గంటల ఎనిమిది నిమిషాలు

శవం బోర్లా పడి ఉంది.

బుధవారం మధ్యాహ్నం 12:35. మెదక్ పట్టణం. సకల జనుల సమ్మెకు అది తొమ్మిదో రోజు. బస్సుల్లేవు. బజారు మొత్తం షట్టర్లు దించి ఉంది. ఎక్కడో దూరంగా మైకులో నినాదాలు తప్ప ఊరికి ప్రాణం ఉన్నట్టే లేదు.

ఎస్సై సువర్ణ తలెత్తి చూసింది. రెండంతస్తుల భవనం. పైన పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు.

చనిపోయినవాడు లాజరు. వయసు ముప్పై నాలుగు. ఆ భవనం పై అంతస్తులో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. 12:10కి శవాన్ని మొదట చూసింది అక్కడ పాఠాలు చెప్పే వినీల.

సువర్ణ పైకెక్కింది. గదిలో పది కంప్యూటర్లు. తొమ్మిది ఆగి ఉన్నాయి. లాజరు బల్ల మీదిది మాత్రం నడుస్తోంది.

తెర మీద రెండే వాక్యాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు.

‘అమ్మా నన్ను క్షమించు. నాకు బతకాలని లేదు.’

ఫైల్ సేవ్ అయిన టైమ్ ఉదయం 6:08.

కానిస్టేబుల్ ఎల్లం ఫోటోలు తీశాడు. పంచనామా అయింది. కంప్యూటర్ సీలు వేసి స్టేషన్‌కు తెచ్చారు.

కింద జిరాక్స్ షాపు మల్లేశ్ వాంగ్మూలం ఇచ్చాడు.

“షట్టర్ ఏసుకొని లోపల్నే ఉన్న మేడం. దబ్బుమని సప్పుడైంది. ఎవరో బస్తా పడేసిండ్రనుకున్న.”

“ఎన్ని గంటలకు?”

“గప్పుడే మా బామ్మర్ది ఫోన్ చేసిండు. ఇగో చూడుండ్రి, 11:20.”

భవనం యజమాని చంద్రకాంత్ ఒంటిగంటకు వచ్చాడు. చుట్టుపక్కల మండలాల బడులకు కంప్యూటర్లు సప్లై చేసేది అతడే. తెల్లచొక్కా మీద చెమట చుక్క లేదు.

“పొద్దంతా ఇంట్లనే ఉన్న మేడం. మేడ మెట్లు ఎక్కనే లేదు. పాపం, మంచోడు. జర పిచ్చి ఎక్కువ.”

“ఏం పిచ్చి?”

“లినక్స్ పిచ్చి.”

సాయంత్రానికల్లా సీఐ తేల్చేశాడు. “పొద్దున ఆరింటికి లెటర్ టైప్ చేసిండు. పదకొండూ ఇరవైకి దుంకిండు. సూసైడ్. సమ్మె బందోబస్తుకే మనుషులు లేరు సువర్ణా. శుక్రవారం కల్లా ఫైల్ మూసేయ్.”

గురువారం ఉదయం 9:15. లాజరు తల్లి మార్తమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంది.

“బుధవారం ఆరింటికి నా కొడుకు ఇంట్లనే ఉన్నడమ్మా. నాకు బీపీ గోలిచ్చిండు. ఎనిమిదిన్నరకు చాయ్ తాగి సెంటర్‌కు పోయిండు.”

“సీఐ గారికి చెప్పలేదా?”

“చెప్పిన. కన్నతల్లి అట్లనే అంటది అన్నడు.”

సువర్ణ జీపు తీయించింది.

కుల్చారంలో వినీల ఇంటి తలుపు గడియ పెట్టి ఉంది. మూడుసార్లు పిలిస్తే తీసింది. కళ్లల్లో భయం.

“చంద్రకాంత్ సారొచ్చిండు మేడం. గిప్పుడే పోయిండు. మంచినీళ్లు తాగిండు. మిషన్ల ఏమున్నా మర్చిపో అన్నడు.”

“ఇంకా?”

“బస్సులు నడుస్తలేవు, ఒక్కదానివి రోడ్డు మీద తిరుగుడు మంచిది కాదు బిడ్డా అన్నడు. నవ్వుకుంట అన్నడు.”

“లాజరుకు ఆయనతో గొడవేంటి?”

వినీల గొంతు తగ్గించింది. “రెండేండ్ల కింద గీ దిక్కు ఒక్క బడిల కూడ లినక్స్ లేకుండె. విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపించేది, కాని ఎవల సొత్తూ కాదు మేడం అది. ఎవలైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పెద్ద పెద్ద సర్వర్లు దాని మీదనే నడుస్తయి. కొత్త ఫోన్లల్ల గూడ అదే. సార్ దాన్ని తెలుగుల పెట్టి బడి బడి తిరిగిండు. మెదక్, చేగుంట, మా ఊరు… పదకొండు బడులు మారినయి.”

“చంద్రకాంత్‌కు కోపం వచ్చిందా?”

“పాత మిషన్లు విప్పినప్పుడే కదా మేడం తెలిసింది. చంద్రకాంత్ సార్ అమ్మినవాటి మీద ఒరిజినల్ విండోస్ అని స్టిక్కర్లున్నయి. అన్నీ నకిలీవే.”

సువర్ణ ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

“లాజరు విండోస్ వాడేవాడా?”

“అసలు ముట్టడు. మిషన్ చంద్రకాంత్ సార్ ఇచ్చిండు కాబట్టి లినక్స్ పక్కన అది గూడ ఒక మూలకు ఉండె. ఆన్ చేసేటప్పుడు ఏది కావాల్నో ఎంచుకోవచ్చు. పాస్‌వర్డ్ నాక్కూడ తెల్వది.”

కానీ ఆ లెటర్ విండోస్‌లో ఉంది.

శుక్రవారం ఉదయం 10:40. సీఐ ఇచ్చిన గడువు సాయంత్రానికి. చంద్రకాంత్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. కంప్యూటర్ తనదని, వెంటనే ఇచ్చేయాలని, ఫార్మాట్ చేసి వేరేవాళ్లకు ఇస్తానని.

అంత తొందరెందుకు?

సువర్ణ బల్ల మీద ఫోటోలు పరిచింది. శవం. పిట్టగోడ. మెట్లు. తెర.

తెర ఫోటో దగ్గర చెయ్యి ఆగింది.

కింద మూలన చిన్న గడియారం. 7:11.

ఫోటో అంచున కెమెరా అచ్చువేసిన టైమ్ 12:41.

“కంప్యూటర్ల బ్యాటరీ పోయి ఉంటది మేడం,” అన్నాడు ఎల్లం.

“బ్యాటరీ పోతే గడియారం తోచిన టైమ్ చూపిస్తుంది ఎల్లం. ఇది సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంది. నిమిషం తేడా లేదు.”

ఆమె వెంటనే వినీలకు ఫోన్ చేసింది. జీపు పంపించింది.

మధ్యాహ్నం 3:00. స్టేషన్‌లో సీఐ గది. సీఐ, మార్తమ్మ, మల్లేశ్, వినీల. చివర్లో చంద్రకాంత్ వచ్చాడు. బల్ల మీద కంప్యూటర్ సిద్ధంగా ఉంది. విండోస్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

“తీసుకపోండి చంద్రకాంత్ గారూ,” అంది సువర్ణ. “కాని ఇది తెరుచుకోవడం లేదు. ఖరాబు చేసి ఇచ్చామని రేపు మా మీద పెట్టొద్దు.”

“ఖరాబేం లేదు. జరుగుండ్రి.”

అతడి వేళ్లు తడుముకోలేదు. రెండు సెకన్లలో విండోస్ తెరుచుకుంది.

“థాంక్స్. ఈ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?”

“నేను పెట్టింది. లాజరుకు చెప్పిన. ఇంకెవలకు తెల్వది.”

“మంచిది. ఇప్పుడు మూలన టైమ్ చదవండి.”

చంద్రకాంత్ చూశాడు. 9:47.

సువర్ణ తన చేతి గడియారం చూపించింది. 3:17.

“లాజరు రోజూ వాడింది లినక్స్. అది మిషన్ లోపలి గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక టైమ్ లెక్కన పెడుతుంది. తెర మీద చూపించేటప్పుడు మన అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ కలపదు. లోపల ఏముంటే అదే మన టైమ్ అనుకుంటుంది. ఇంటర్నెట్ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు సరిచేసుకునేది. సమ్మెలో పది రోజులుగా అదీ లేదు.”

సీఐ కుర్చీలో ముందుకు వంగాడు.

“లెటర్ మీద ఉన్నది 6:08. అయిదున్నర కలపండి సార్.”

“11:38,” అన్నాడు సీఐ నెమ్మదిగా.

“లాజరు కింద పడింది 11:20కి. పడిన పద్దెనిమిది నిమిషాల తర్వాత లెటర్ రాశాడా?”

సువర్ణ ఇంకో కాగితం తీసింది.

“లినక్స్ లాగ్, అంటే మిషన్ తనంతట తాను రాసుకునే చిట్టా, అదీ వినీలతో తీయించాం. మిషన్ 9:04కి ఆన్ అయింది. 11:29కి ఎవరో రీస్టార్ట్ చేశారు. ఎందుకో చెప్పనా? అక్కడ మెనూలన్నీ తెలుగు. ఏ మీట నొక్కినా తెలుగు అక్షరమే పడుతుంది. దాన్ని మార్చడం చేతకానివాడు తనకు తెలిసిన విండోస్‌లోకి పోయాడు. పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసని మీరే అన్నారు. ఒకడు అప్పటికే చనిపోయాడు.”

“నాకేం పగ?” అన్నాడు చంద్రకాంత్.

వినీల లేచింది. చేతిలోని కాగితం చూపించింది.

“సార్ రాసుకున్న కంప్లైంట్ ఇది. స్టిక్కర్ల నంబర్లు, బడుల పేర్లు అన్నీ ఉన్నయి. లినక్స్ దిక్కున దాచిండు. విండోస్‌ల నుంచి చూస్తే ఆ దిక్కే కనవడది. అందుకే మొత్తం ఫార్మాట్ చేస్త అన్నవ్ నువ్వు.”

చంద్రకాంత్ తలుపు వైపు చూశాడు. అక్కడ ఎల్లం నిలబడి ఉన్నాడు.

“ఆ కంప్లైంట్ తీసెయ్యమని బతిమాలిన,” అన్నాడు చివరికి. “గాలికి మేడ మీదికి పోదాం పా, మాట్లాడుకుందాం అన్న. పదకొండు బడుల పిల్లలకు అబద్ధం చెప్పలేనన్నడు. ఒక్కసారి నూకిన. ఒక్కసారే.”

బేడీలు పడ్డాయి. 3:41.

అందరూ వెళ్లాక మార్తమ్మ ఒక్కతే మిగిలింది.

“గల్లీల ఎవలూ నా మొహం చూస్తలేరమ్మా. దేవుడిచ్చిన పానం తనే తీసుకున్నడని చెవులు కొరుక్కుంటుండ్రు. నేను చెప్తే నమ్మరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తవా?”

ఆదివారం ఆరాధన ముగిసి జనం చర్చి మెట్లు దిగుతున్నారు. యూనిఫాంలో ఉన్న ఎస్సైని చూసి ఆగారు. సువర్ణ మార్తమ్మ పక్కన నిలబడింది.

“లాజరు ఆత్మహత్య చేసుకోలేదు,” అంది అందరికీ వినపడేలా. “నిజం దాచనన్నందుకు చంపేశారు.”

తర్వాత ఒక ముసలావిడ వచ్చి మార్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ వెనక ఇంకొకరు.

మార్తమ్మ అప్పుడు ఏడ్చింది. బుధవారం నుంచి అదే మొదటిసారి.