నిండిన క్యూ బయట దయాకర్

అడిక్‌మెట్ బ్రిడ్జి మీద దయాకర్‌ను లారీ గుద్దింది. నంబర్ ప్లేటు లేని లారీ. చెరుకురసం బండివాడు పోయాడు పాపమని జనం అనుకున్నారు. అతను సీక్రెట్ ఏజెంటని తెలిసినవాళ్లు నగరంలో ముగ్గురే.

ఆ ముగ్గురిలో ఒకడు భూపాల్. ఏసీ మెకానిక్ వేషంలో యూనివర్సిటీ క్యాంపస్ కంప్యూటర్ ల్యాబ్ మెట్లెక్కుతుండగా చీఫ్ రాజలింగు ఫోన్ చేశాడు.

"గిర్ని నడుస్తున్నదా?"

ల్యాబ్‌లోని రహస్య సర్వర్‌కు అది కోడ్ వర్డ్.

"ఆగింది సార్."

"నడిపియ్యి. అచ్యుతరామయ్య సారును ఇయ్యాల పగటి అన్నం లోపల చంపుతరట. ఎట్ల చంపుతరో దయాకర్‌కు తెలిసింది. చెప్పేలోపలనే..." చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

మన సైన్యం వాడే సంకేతభాషను తయారుచేసిన ముసలి ప్రొఫెసర్ అచ్యుతరామయ్య. తార్నాకలో ఆయన ఇంటిని డిపార్ట్‌మెంట్ వాళ్లు అప్పటికే జల్లెడ పట్టారు. ఏమీ దొరకలేదు.

ల్యాబ్‌లో నవత ఒక్కతే ఉంది. రీసెర్చ్ స్కాలర్ వేషంలో సర్వర్‌ను చూసుకునే ఏజెంట్. ఆమె నడిచిపోతే క్యాంటీన్‌లో చూస్తూ ఉండిపోయినవాళ్ల చాయ్ చల్లారిపోయేది. వచ్చే నెల దయాకర్‌తో పెళ్లి కావాల్సింది. కళ్లు వాచి ఉన్నాయి. భూపాల్ ఆమె తలమీద చెయ్యి వేసి తీశాడు.

స్క్రీన్ మీద సంగతి తేటగా ఉంది. దయాకర్ వాచీలోని ట్రాన్స్‌మిటర్ చివరి సందేశం పంపింది. దాన్ని అందుకున్న ప్రోగ్రామ్, కోడ్ విప్పే ప్రోగ్రామ్‌కు అందించాలి. రెంటికీ మధ్య ఉన్నది, సందేశాలు వరుసగా నిలబడే మెసేజ్ క్యూ. శత్రువులు చెత్త సందేశాలు కుమ్మరించి ఆ క్యూను నింపేశారు. అత్యవసరమైన మాట లోపలికొస్తే అన్నిటికంటే ముందు విప్పుతారు. కానీ లోపలికి రావడానికే చోటు లేదు. దయాకర్ మాట గుమ్మం బయట నిలబడి ఉంది.

నవత సర్వర్‌కు మూలమైన కెర్నల్‌లో క్యూల లిమిట్ పెంచింది. క్యూ కదలలేదు.

"పెంచిన గద అన్నా, అయినా కదుల్తలేదు. రీస్టార్ట్ చేద్దాం. నీ పాస్‌వర్డ్ కొట్టు."

రీస్టార్ట్‌కు ఇద్దరు ఏజెంట్ల పాస్‌వర్డులు కావాలి. ఆమెది అప్పటికే కొట్టి ఉంది.

భూపాల్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. కెర్నల్‌లో పెంచిన లిమిట్ కొత్తగా పుట్టే క్యూలకే. ఉన్న క్యూ పుట్టిననాటి లిమిట్‌తోనే ఉంటుంది, దాన్ని విడిగా పెంచాలి. రీస్టార్ట్ చేస్తే క్యూతో పాటు బయట ఆగిన మాట కూడా పోతుంది. ట్రైనింగ్‌లో అతనికి ఈ పాఠం చెప్పింది నవతే. అతను మరిచిపోతే నవ్వుకుంటూ మళ్లీ చెప్పింది కూడా.

దుఃఖంలో ఉన్న మనిషి ఏదైనా మరిచిపోవచ్చు. అంతేనని నమ్మాలని భూపాల్‌కు ఎంతో ఉంది.

"పాత క్యూను విడిగ పెంచాలె గద, నవతా."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అందులో ఒకే ఒక్క తూటా ఉంటుందని భూపాల్‌కు తెలుసు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిందే. మణికట్టు పట్టి తిప్పాడు. తూటా ఏసీలో దిగింది. మెకానిక్‌కు మొదటిసారి నిజమైన పని దొరికింది.

ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేత్తో కమాండ్ కొట్టాడు. ఆగిన క్యూలో చోటు పుట్టింది. దయాకర్ మాట లోపలికొచ్చింది.

"సారు ఇన్సులిన్ పెన్ను మార్చిన్రు. సూది ఆపు."

భూపాల్ ఫోన్ చేస్తే తార్నాకలో ఎత్తింది ప్రొఫెసర్ భార్య సోమమ్మ. అన్నం వడ్డించిందట, ఆయన చొక్కా ఎత్తి సూది పెట్టుకోబోతున్నాడట.

"ఆ పెన్ను గుంజుకో అమ్మా."

అవతల ఏదో పడి పగిలిన చప్పుడు. వెంటనే ప్రొఫెసర్ తిట్లు. బతికున్న మనిషి తిట్లు. భూపాల్ కళ్లు మూసుకుని విన్నాడు.

తెరిచేసరికి స్క్రీన్ మీద రెండో వరుస ఉంది.

"అన్నా, నవత సంగతి కూడ వాళ్లకు తెలిసింది. ఒక్కదాన్ని యాడికీ పోనియ్యకు. నా పానమే ఆమె."

నవత చదివింది. చాలాసేపు చదివింది.

"దయాకర్ కాలు విరగ్గొట్టి దవఖానల పండవెడ్తమన్నరు అన్నా. చంపుతమనలే."

భూపాల్ సంకెళ్లు తీసి ఒక కడియం ఆమె చేతికి, రెండోది తన చేతికి వేసుకున్నాడు. దయాకర్ అడిగినట్టే, ఆమెను ఒక్కదాన్ని ఎక్కడికీ పోనివ్వలేదు.