వెనక నుంచి తోసినవాడు

రాజమ్మ మూడంతస్తులు ఎక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కింది అంతస్తులో జావా క్లాసు నడుస్తోంది. మైకులో మాస్టారి గొంతు నేలను తన్నుకుని పైకి వస్తోంది.

"మా ఆయన తాగలే మేడం" అంది ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "తాగి గుద్దిండని రాసుకున్నరు. మల్లన్న మీద ఒట్టు వెట్టి ఆరేండ్లాయె. తాగలే."

హైమవతి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో ప్రమాదాల ఫైళ్లు చూసి, నిజం రాసిన ప్రతిసారీ ఫైలు వెనక్కి వస్తోందని ఉద్యోగానికి నీళ్లొదిలి, ప్రమాదాల వెనక నిజాలు వెతికిపెట్టడానికి అమీర్‌పేటలో ఈ గది అద్దెకు తీసుకున్న మనిషి ఆమె. మానస ఆమె దగ్గర చేరి ఎనిమిది నెలలైంది. మానస పని రాసుకోవడం. అప్పుడూ అదే చేస్తోంది.

జరిగింది ఇదీ. రెండు వేల నాలుగు, మే నెల. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రలైటు దగ్గర ఆగిన నీళ్ల ట్యాంకరు, ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా ముందుకు ఉరికింది. మూలన తాటిముంజలు అమ్ముకునే మంగవ్వ మీదికి ఎక్కి, కరెంటు స్తంభానికి కొట్టుకుంది. మంగవ్వ అక్కడికక్కడే పోయింది. డ్రైవరు బుచ్చయ్య కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు, మంచం పక్కన కానిస్టేబులు కాపలాతో. సీటు మీద మందు సీసా దొరికింది.

"జైలుకు వోతడు మేడం. పోతే పాయె. తాగి మనిషిని సంపిండన్న పేరుతోని పోవద్దు. నాకు ఇద్దరు ఆడపిల్లలు" అంది రాజమ్మ.

మానస కలం ఆగింది. "ఆ బండి నీలం రంగుదా అక్కా?"

"అవు బిడ్డా. రామ్మోహనరావు సారుది."

మానస హైమవతి వైపు తిరిగింది. "మేడం, ఆ పొద్దున ఆ బండి ఎస్.ఆర్. నగర్‌లో మా హాస్టల్‌కే వచ్చింది. సగం పోసి, మిగతా సగం పంజాగుట్ట హాస్టల్‌కని పోయిండు. మూడు దినాల నుంచి స్నానాల్లేవు మాకు. అందరం తిట్టినం. నేను సుత తిట్టిన."

"సరే, రాసుకో. చూసింది రాసుకో. అర్థం తర్వాత చెప్పుకుందాం" అంది హైమవతి.

ఆసుపత్రిలో బుచ్చయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. హైమవతి పక్కన కూర్చుని, అమ్మలా కాక, లెక్కల మాస్టారిలా అడిగింది.

"ఏం జరిగింది?"

"పోలీసులకు చెప్పిన మేడం. నవ్విన్రు."

"నేను నవ్వను. చెప్పండి."

"లాల్ బత్తి పడ్డది. బ్రేక్ కొట్టిన. బండి ఆగింది. మంగవ్వ నన్ను జూసి నవ్వింది సుత, రోజు జూస్తది గదా. గప్పుడు ఎనుక నుంచి ఎవడో తోసిండు మేడం. దబ్బున ముంగటికి వోయింది. కాలు బ్రేకు మీదనే ఉంది. గా కాలే ఇరిగింది."

"అంతకుముందు ఏం బండి నడిపేవారు?"

"ఇసుక లారీ. పదకొండేండ్లు. ఒక్క కేసు లేదు. నీళ్ల బండెక్కి నెలన్నర."

"నీళ్ల బండి ఎలా నడపాలో ఎవరైనా నేర్పారా?"

బుచ్చయ్య ఆమెను వింతగా చూశాడు. "నేర్పుడేంది మేడం? తాళం చేతులేసి పొమ్మన్నరు. ఎప్పుడు నిండ నింపుకొని ఒక్క తావుననే ఖాళీ చేసేటోన్ని. గా దినమే రెండు తావుల పొయ్యమన్నరు."

ఎస్.ఐ. రాజనర్సయ్య మంచివాడే, కాని తొందరమనిషి. ఫోటోలు బల్లమీద పరిచాడు. "ఎనుక నుంచి ఎవడు తోస్తడు మేడం? చూడండ్రి, ఎనుక గీత సుత పడలే. అన్ని టన్నుల బండిని తోసినోడు దయ్యమా?"

"రక్తపరీక్ష?"

"రెండో దినం తీసిన్రు. ఏం తేలలే."

"మందు వాసన నోటి నుంచి వచ్చిందా?"

రాజనర్సయ్య ఫోటోల అంచులు సర్దాడు. "చొక్కా నుంచి వచ్చింది."

మానస ఒక ఫోటో చేతిలోకి తీసుకుంది. ముందు అద్దం మొత్తం రాలి, సీటంతా పటికబెల్లం పోసినట్టు గాజుముక్కలు. ఆ ముక్కల మీద పడుకోబెట్టినట్టు క్వార్టరు సీసా, మూతతో సహా. సీసా మీద మాత్రం చిన్న ముక్క కూడా లేదు. చూసింది చూసినట్టు రాసుకుంది.

రామ్మోహనరావు షెడ్డు అమీర్‌పేట వెనక సందులో ఉంది. మనిషి పెద్ద గొంతువాడు. "ఏంటండీ ఈ ఎంక్వయిరీలు! నా బండి పోయింది, నా పేరు పోయింది. తాగుబోతు వెధవను నమ్మడం నాదే తప్పు. ఆ రోజు నేను గుంటూరులో పెళ్లిలో ఉన్నాను. అంతా కేదారే చూసుకున్నాడు."

మేనేజరు కేదార్ నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే బూట్లు. ఇద్దరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. "స్పాట్‌కి ఫస్ట్ వెళ్లింది నేనేనండి, పోలీసుల కంటే ముందు. అద్దం పగిలిపోయి ఘోరంగా ఉంది. స్పృహ లేకుండా పడి ఉన్నాడు, దింపించి ఆంబులెన్స్ ఎక్కించాను. మా డ్రైవర్లందరికీ ట్రైనింగ్ ఇప్పించామండి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు సర్టిఫికెట్ లేనిదే గేటు దాటనివ్వవు కదా."

లామినేషను చేసిన కాగితం ముందు పెట్టాడు. ట్యాంకరు నడపడంలో మూడు రోజుల శిక్షణ పొందినట్టు బుచ్చయ్య పేరు. కింద గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో అతని సంతకం. చుట్టూ బంగారు రంగు అంచు, మూలన చిన్న కంప్యూటరు బొమ్మ.

"ఎవరు నేర్పారు?"

"బయటి ఫ్యాకల్టీ అండి."

పెరట్లో ట్యాంకరు ఉంది. పోలీసులు మర్నాడే వదిలేశారట. ముందు భాగం నుజ్జు. వెనక నీలపు ట్యాంకు చుట్టూ, పాత రంగు మధ్యలో, రెండు చోట్ల కొత్త రంగు పట్టీలు మెరుస్తున్నాయి. పక్కనే వెల్డింగు పెంటయ్య కిరసనాయిలుతో వేళ్లకున్న నీలం రంగు కడుక్కుంటున్నాడు. వీళ్లను చూడగానే తల దించుకున్నాడు.

"మానసా, ఎక్కి లోపల చూడమ్మా."

మానస నిచ్చెన ఎక్కి మూత ఎత్తి టార్చి వేసింది. లోపలి గోడలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా రెండు ఇనప పలకలు, వాటికి పెద్ద పెద్ద రంధ్రాలు. ఆ పలకలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. దిగివచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూశారుగా, అన్నీ నిబంధనల ప్రకారమే" అన్నాడు కేదార్, ఎవరూ అడగకుండానే.

మర్నాడు పొద్దున హాస్టల్లో మానస సగం బకెట్టు నీళ్లు పట్టుకుని రెండో అంతస్తుకు గబగబా ఎక్కుతోంది. మెట్ల మలుపులో ఎవరో పిలిస్తే ఠక్కున ఆగింది. తను ఆగింది. నీళ్లు ఆగలేదు. బకెట్టు అంచు దాటి, చేతిని ముందుకు లాగి, ఎదుటి గోడను తడిపేశాయి.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఊళ్లో మైలు దూరం బోరింగు నుంచి బిందె మోసిన రోజులు మెడలోకి తిరిగి వచ్చాయి. నిండు బిందె బరువే గాని మాట వినేది. సగం బిందె మెడ విరిచేది. అందుకే అమ్మ వేపరెమ్మ తుంచి బిందెలో వేసేది. నీళ్లు ఆ ఆకుల్లో చిక్కుకుని బుద్ధిగా ఉండేవి. తర్వాత ఆమె చూపు బకెట్టు మీద పడింది. కొని నెల కాలేదు, లోపల బోరునీళ్ల తెల్ల పొర. ఎంత తోమినా పోనిది.

బకెట్టు మెట్లమీదే వదిలి, తడి లంగాతోనే అమీర్‌పేటకు నడిచింది. హైమవతి కలం పక్కన పెట్టి చెప్పిందంతా వింది.

"నిండు కుండ తొణకదు అని చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాం. ఇరవై రెండేళ్లలో ఎన్ని ట్యాంకర్ల ఫైళ్లు చూశానో మానసా! డ్రైవరు తప్పిదం అని రాసి ఎన్ని మూసేశానో!" అంది చివరికి. ఆమె గొంతులో అంత కోపం మానస ఎప్పుడూ వినలేదు. హైమవతి కోపం ముందు తన మీదికే వెళ్లింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో అందరూ చేరారు. రామ్మోహనరావు, కేదార్, పెంటయ్య, రాజనర్సయ్య. ఒక వార రాజమ్మ. హైమవతి నేలమీద ఒక గీత గీయించి, వెడల్పాటి బేసినులో సగం నీళ్లు పోయించి కేదార్ చేతికిచ్చింది.

"వేగంగా నడిచి ఆ గీత దగ్గర ఠక్కున ఆగండి."

"ఏంటండీ ఈ చిన్నపిల్లల ఆటలు?"

"నడువు" అన్నాడు రాజనర్సయ్య.

కేదార్ నడిచాడు. ఆగాడు. నీళ్లు ముందుకు ఉరికి, ఎదురు అంచుకు కొట్టుకుని లేచి అతని ఇస్త్రీ చొక్కానూ, నిగనిగలాడే బూట్లనూ తడిపి నేలమీద పడ్డాయి. ఆ ఊపుకు అతని కాలు గీత దాటింది.

"చూశారా ఎస్.ఐ. గారూ, వెనక నుంచి తోసినవాడు ఇదిగో, ఈ నీళ్లు" అంది హైమవతి. "ట్యాంకరులో సగం నీళ్లుంటే, బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది, నీళ్లు వెనక నుంచి పరుగెత్తి వచ్చి ముందు గోడను గుద్దుతాయి. టన్నుల నీళ్లు. అందుకే ట్యాంకు లోపల రంధ్రాల పలకలు బిగిస్తారు, నీళ్ల పరుగు ముక్కలయ్యేలా."

"పలకలున్నాయి కదండీ! మీ అమ్మాయే చూసింది" అన్నాడు కేదార్.

"చూసింది. గోడల నిండా బోరునీళ్ల తెల్ల పొర. పలకల మీద గోరంత పొర లేదు. నెలలకొద్దీ నీళ్లలో నానిన పలకలు నల్లగా మెరుస్తాయా? అవి మంగవ్వ చచ్చిపోయాక పుట్టిన పలకలు. లోపల వెల్డింగుకు బయట రంగు కాలింది, అందుకే రెండు కొత్త పట్టీలు. ఏం పెంటయ్యా?"

పెంటయ్య చేతులు జోడించాడు. "పాత ఇసుక లారీ మీద ఈ ట్యాంకు ఎక్కిచ్చిననాడే జెప్పిన మేడం, పలకలు వేయించుండ్రి సార్, లేకుంటే మనిషి పాణం వోతదని. కడిగేటందుకు అడ్డమన్నడు కేదార్ సారు. మొన్న ఒక్క పూటల బిగియ్యమన్నడు. నోరు మూసుకొమ్మన్నడు."

"పాత ఇసుక లారీ దొరికింది. దానిమీద దొరికిన ట్యాంకు ఎక్కించారు" అంది హైమవతి. "పని చూసి బండిని ఎంచుకోవాలి. మీరు దొరికిన బండికి పని తగిలించారు. డ్రైవరునూ అంతే. ఈ శిక్షణ కాగితం మూలన కంప్యూటరు బొమ్మ ఎందుకుందో తెలుసా ఎస్.ఐ. గారూ? మా కింది అంతస్తులో జావా సర్టిఫికెట్లకు ఉన్నదీ ఇదే బొమ్మ, ఇదే అంచు. లేని అనుభవం అచ్చువేసే కొట్టు ఒకటుంది అమీర్‌పేటలో. కుర్రాళ్లు ఉద్యోగాలకని వెళ్తారు, ఈయన లారీ డ్రైవర్లకని వెళ్లాడు. బుచ్చయ్యకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు."

"వేలిముద్రనే వేస్తడు" అంది రాజమ్మ మూల నుంచి.

"ఇక సీసా. అద్దం పగిలినప్పుడు సీసా సీటు మీద ఉంటే, గాజుముక్కలు దాని మీద పడాలి. ఫోటోలో సీసాయే ముక్కల మీద ఉంది. అంటే అద్దం పగిలాక పెట్టింది. పోలీసుల కంటే ముందు ఎవరు వెళ్లారో ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. స్పృహ లేని మనిషి చొక్కా మీద మందు పోశాడు. డ్రైవరు తాగుబోతని తేలితే ట్యాంకు మూత ఎవరూ ఎత్తరు. అంతే."

రాజనర్సయ్య ముందుకు వెళ్లి కేదార్ మణికట్టు పట్టుకున్నాడు.

"నాకు ఇవేవీ తెలియవండీ!" అన్నాడు రామ్మోహనరావు, పెద్ద గొంతు సన్నబడి.

"మీ బండి లోపల ఏముందో మీకు తెలీదు. మీ డ్రైవరుకు ఏం వచ్చో మీకు తెలీదు. మంగవ్వకు పిల్లలెందరో అసలే తెలీదు. తెలీకపోవడమే మీ నేరం. ఇంకా రెండు బండ్లున్నాయి కదా మీకు? ఎక్కడున్నాయి ఇప్పుడు?"

అతను జేబులో ఫోను వెతుక్కున్నాడు.

సాయంత్రం ఆసుపత్రిలో తాగుడు కేసు ఎత్తేశారని చెబితే బుచ్చయ్య సంతోషపడలేదు. రాజమ్మ చేయి పట్టుకుని పైకప్పు వైపు చూశాడు.

"ఇసుక కూసున్న కాడ కూసుంటది మేడం. నీళ్లు కూసోవని ఒక్క మాట జెప్తే అయిపోవు. ఒక్క మాట."

వారం తర్వాత ఎస్.ఆర్. నగర్ హాస్టలు ముందు వేరే యజమాని ట్యాంకరు ఆగింది. అమ్మాయిలు బకెట్లతో దిగారు. సంపు సగం నిండగానే డ్రైవరు గొట్టం చుట్టబోయాడు.

ఎప్పుడూ గొంతెత్తని మానస ముందుకు వచ్చింది. "అన్నా, లోపల పలకలున్నయా?"

"పలకలేంది? జర జరుగు చెల్లె, పంజాగుట్టకు పోవాలె."

"సగం నీళ్లతోని పోవద్దు. మొత్తం ఈడనే గుమ్మరించు."

"సంపు నిండితె?"

"రోడ్డు మీద పోని."

అమ్మాయిలు గోల చేశారు. మండువేసవిలో నీళ్లు నేలపాలు చేస్తావా, పిచ్చా అని తిట్టారు. మానస బండి ముందు నుంచి కదల్లేదు. ఆమె కళ్లలో ఏం చూశాడో, డ్రైవరు మళ్లీ గొట్టం విప్పాడు. సంపు నిండి, మెట్లు తడిసి, నీళ్లు వీధిలోకి పారాయి.

"పంజాగుట్టోళ్లకు ఏం జెప్పాలె నేను?" అన్నాడు కోపంగా.

"మంగవ్వ పేరు జెప్పు" అంది మానస.