లైటు వెయ్యకు అమ్మమ్మా

"పొద్దు గూకిందమ్మ పోదాము రారే...
అందరొచ్చినారె, ఎనుకెవరు ఉన్నారె..."

ఆ తర్వాత చరణం ఎంత తన్నుకున్నా యాదికొస్తలేదు. చిన్నప్పుడు కలుపు తీసి ఇంటికి మళ్ళేటప్పుడు ఆడపిల్లలం గట్టు మీద వరుసగ నడుస్తు పాడుకునేటోళ్లం. ముందు నడిచే పిల్ల పాట అందుకుంటే, అందరికన్న ఎనుక ఉన్న పిల్ల "నేనున్న" అని పలకాలె. పలకకపోతే అందరం ఆగి చూడాలె. అది పాటనో, ఒక్కరు గూడ చీకట్ల మిగిలిపోకుండ పెద్దోళ్లు పెట్టిన ఉపాయమో నాకు ఇప్పటికీ తెల్వదు.

నాచారంల మాది రెండు అర్రల ఇల్లు. నేను, నా బిడ్డ తారామణి, దాని కూతురు సంతోషి ఉండేటోళ్లం. 'ఉండేటోళ్లం' అని రాసేకాడ చెయ్యి ఆగింది. కాసేపు కూసోని మళ్ళ రాస్తున్న.

నాకు అక్షరాలు నేర్పింది సంతోషే. మల్లాపూర్‌ల రంగుల్ల కలిపే థిన్నరు తయారు చేసే కంపెనీల పని దానికి. డ్రమ్ము ఒలికినా, అగ్గి అంటుకున్నా ముందుగాల ఉరికే టీమ్‌ల ఉండేది. కంపెనీ గోడలకు అంటించే కాగితాలు మిగిలితే ఇంటికి తెచ్చేది. అవే నాకు వాచకాలు.

ఒకనాడు ఎర్ర అక్షరాల కాగితం ముందట వెట్టి, "సదువు అమ్మమ్మా" అన్నది.

"ప్ర... సా... దం" అన్న.

నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నది. "ప్రమాదం అమ్మమ్మా. ఉండు, మా మేనేజర్ సారుకు జెప్త, రేపటి నుంచి గేటు కాడ పులిహోర పంచమని."

"పంచితే నాకు జర ఎక్కువ తే" అన్న.

అట్ల నవ్వుకుంటనే మస్తు సంగతులు చెప్పేది. "ఒలికినదాన్ని చూసి భయపడుతరు గని, అసలు భయపడాల్సింది దాని ఆవిరికి. అది కండ్లకు కనవడది. పైకి పోదు. నేల పట్టుకొని పిల్లి లెక్క పాకుతది. ఎక్కడో ఒక నిప్పురవ్వ దొరికేదాక పోతనే ఉంటది."

"అయితే లైట్లన్ని బంద్ జెయ్యాలె గద" అన్న, నాకేదో తెలిసినట్టు.

"అదే తప్పు అందరు జేసేది. వేసినా రవ్వ లేస్తది, బంద్ జేసినా లేస్తది. స్విచ్చును ముట్టొద్దు. ఎట్లున్నది అట్ల ఇడిసిపెట్టి బయటికి నడువాలె."

ప్యాకింగ్‌ల కొత్తగ ఒక ఒడిశా పిల్ల చేరిందని గూడ అప్పుడే చెప్పింది. పేరు చెప్పింది గని నాకు నోరు తిరగలేదు. "నీ అసొంటిదే అమ్మమ్మా. బోర్డు సదువరాదు. తెలుగు గూడ రాదు. కోడిపిల్ల లెక్క నా ఎంబడే తిరుగుతది" అన్నది.

వానాకాలంల అయింది అది. డ్రమ్ములు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు బండి కొమ్ము డ్రమ్ముకు గుచ్చుకొని థిన్నరు షెడ్డు నిండ పారింది. సంతోషి వాళ్లు ఇసుక పోసి మోరీల పడకుండ అడ్డం గట్టిన్రు. బండ్లు స్టార్టు చెయ్యొద్దన్నరు. గాలి ఎటు నుంచి వస్తున్నదో చూసి అందర్ని ఆ దిక్కుకు నడిపిచ్చిన్రు. గేటు కాడ మనుషులను లెక్కవెట్టుకుంటే ఒకరు తక్కువ. ఆ ఒడిశా పిల్ల. సైరను ఎందుకు మోగుతున్నదో తెల్వక, భయానికి ఎనుక అర్రల నక్కింది.

సంతోషి మాస్కు వెట్టుకొని మళ్ళ లోపటికి పోయింది.

వాచ్‌మన్ సాంబయ్యకు అది తెల్వదు. షెడ్డు లైట్లు ఇంక ఎలుగుతున్నయని చూసి, మంచే అనుకొని, మెయిను స్విచ్చు బంద్ జేసిండు. ఒక్క రవ్వకు షెడ్డంత అంటుకున్నది, ఇద్దరు లోపటనే ఉన్నరు.

అన్ని అయినంక ఆ సాంబయ్య మా గడప కాడికొచ్చి కూలబడ్డడు. "బంద్ జేస్తే మంచిదనుకున్ననమ్మా" అన్నడు. మంచినీళ్లు ఇచ్చిన. గిలాస అట్లనే పట్టుకొని ఏడ్చిండు.

దవాఖానాల తెల్లబట్టల చుట్టి ఇచ్చిన్రు. ముఖం సూపియ్యున్రి అంటే, "వద్దమ్మా, చూడలేవు" అన్నరు. పోనీ చెయ్యన్న ఒక్కసారి పట్టుకుంట బాబూ అన్న. ఆ దవాఖాన పిలగాడు తల అడ్డంగ ఊపి పక్కకు చూసిండు. సంతోషి పుట్టినప్పుడు దాన్ని అందరికన్న ముందు చేతులకు తీసుకున్నది నేను. పోయేటప్పుడు చిటికెన ఏలు గూడ ముట్టలేదు. అదొక్కటే నా లోపట ముల్లు లెక్క ఉండిపోయింది. అన్నం తింటుంటే అదే, పండుకుంటే అదే. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుంటే చాలు, ఇంకేం అడుగ అని ఎవరికి మొక్కాలెనో తెల్వక అందరికీ మొక్కిన.

ఆ ఒడిశా పిల్లను తీస్కపోనీకె మాత్రం ఎవరూ రాలేదు. వాళ్లోళ్లు చానా దూరం నుంచి రావాలెనంట. అందాక దవాఖానాల చల్లటి పెట్టెల ఒక్కతే ఉన్నదని తారామణి చెప్పింది.

అది చెప్పిన సాయంత్రమే తారామణి ఏఎస్ రావు నగర్‌ల క్లినిక్కుకు డ్యూటీకి పోయింది. సన్నగ వాన పడుతున్నది. చాప మీద నడుము వాల్చిన. ఎప్పుడు కన్ను అంటుకున్నదో తెల్వదు. లేచేసరికి ఇల్లంత చీకటైంది. పక్కింటి కుక్కరు కూత వినవడ్డది. ఎక్కడ్నో లారీ ఎనుకకు వస్తున్న చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు. వాన చప్పుడు గూడ లేదు. చెవులల్ల దూది పెట్టినట్టైంది.

అప్పుడొచ్చింది వాసన.

బాగ మాగి నల్లవడ్డ అరటిపండ్ల వాసన. తియ్యగ ఉంటది గని, రెండోసారి పీలిస్తే గొంతు పట్టుకుంటది. సంతోషి డ్యూటీ నుంచి వస్తే దాని బట్టలకు ఉండేది ఆ వాసనే. ఆ బట్టలు ఉతికి ఎవరికో ఇచ్చేసినం.

లేచి కూసుంటే వాసన తక్కువైంది. వంగితే ఎక్కువైంది. అంటే అది నేల మీద ఉన్నది. గడప దిక్కు నుంచి, మెల్లగ... నా కాళ్ల మీదికి సల్లగ ఏదో పాకినట్టైంది. ముట్టి చూసుకుంటే తడి లేదు.

గోడ పట్టుకొని లేచిన. స్విచ్చు కోసం తడిమిన. ఏలు దాని మీద పడ్డది...

"లైటు వెయ్యకు అమ్మమ్మా."

గుసగుస. ఆ గొంతును నేను మర్చిపోతనా.

"సంతోషీ..."

"వెయ్యకు."

"నీ ముఖం చూస్త బిడ్డా. ఒక్కసారే."

"వద్దు. ముట్టకు."

ఏలుతోటి నొక్కితే కనవడుతది. నొక్కితే ఏమైతదో గూడ అదే నేర్పింది నాకు. ఏలు దాని మీదనే ఉంచిన. ఎంతసేపో. ఆఖరుకు చెయ్యి దించి చాప మీద కూలబడ్డ.

"కాలిందా బిడ్డా... బాగ నొచ్చిందా..."

గడప దిక్కుకు చెవి పెట్టిన.

"ముఖం చూడను తీ. చెయ్యన్న ఇయ్యి."

తర్వాత నా పక్కన చాప కొంచెం అణిగింది. ఎవరో కూసున్నట్టు. చీకట్ల చెయ్యి చాపిన. నా చేతులకు ఇంకో చెయ్యి వచ్చింది.

సల్లగ ఉన్నది. ఎంత సల్లగంటే, నా ఏళ్ల బొక్కలు గుంజినయి. అయినా ఇడువలేదు. రెండు చేతులతోటి పట్టుకొని రుద్దిన. ఒళ్లె పెట్టుకున్న. చెంపకు ఆనిచ్చుకున్న. ఎన్ని చెప్పిన్నో. మీ అమ్మ అన్నం తింటలేదు అని చెప్పిన. నాకు ఒత్తులు ఇంక సరిగ రావు, ఎవరు దిద్దిస్తరు బిడ్డా అని అడిగిన. ఆ చెయ్యి నా చేతుల ఒదిగి ఉన్నది. మస్తు దినాల తర్వాత నా గుండె కొంచెం తేలికైంది.

అట్ల ఒత్తుకుంట, ఒత్తుకుంట... ఆగిన.

అక్షరాలు దిద్దిచ్చేటప్పుడు సంతోషి తన చెయ్యి నా చెయ్యి మీద వెట్టేది. నా చెయ్యి మొత్తం కనవడకుండ పోయేది. అంత పెద్ద చెయ్యి దానిది. ఇది నా పిడికిలి లోపల ఇముడుతున్నది. మణికట్టు కాడ గాజులు ఉన్నయి. సన్నటి గాజు గాజులు, నిండుగ. సంతోషి గాజులు ఏసుకోదు.

నా పక్కన ఎవరో మెల్లగ ఏదో అన్నరు. చెవుల దగ్గరనే.

అది తెలుగు గాదు.

నా ఏళ్లు వదులు చేసిన. ఆ ఏళ్లు వదులు గాలేదు. ఇంక గట్టిగ బిగిసినయి. గాజులు గలగలమన్నయి... నేను గుంజుకోబోయిన...

అప్పుడు సంతోషి గొంతు వినవడ్డది. పక్క నుంచి గాదు. దూరంగ, గడప అవుతల నుంచి. ఆ తర్వాత అది నాతోటి ఎన్నడు మాట్లాడలేదు. దాని ఆఖరు మాట ఇదే.

"అమ్మమ్మా, ఆ పిల్ల చెయ్యి ఇడువకు. చీకటంటే భయం దానికి."