తెల్లచీరల వెనకాల

“ఆ వెస్ట్ తిరగేసి వేసుకున్నావ్.”

ఎబెన్ ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. నిజమే. మార్చ్‌ని దారిలో పెట్టే వాలంటీరని చెప్పే ‘మార్షల్’ అన్న అక్షరాలు లోపలికి పోయాయి. లేబుల్ బయటికి వేలాడుతోంది.

“కావాలనే వేసుకున్నా. మార్షల్ అని తెలిస్తే ముందు నన్నే తంతారు కదా.”

కరోలిన్ నవ్వు ఆపుకుంది. “ఇంత భయమైతే ఎందుకొచ్చావ్?”

ఎందుకొచ్చాడు? మూడు వారాల క్రితం తెలుగు చర్చిల ఉమ్మడి మీటింగ్‌లో, గర్భస్రావాలకి వ్యతిరేకంగా చేసే ఈ మార్చ్‌కి వాలంటీర్లు కావాలని దాసు అంకుల్ అన్నప్పుడు చెయ్యెత్తాడు. పుట్టని బిడ్డకి ఎవరో ఒకరు గొంతు ఇవ్వాలన్న నమ్మకం అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ చెయ్యి అంత వేగంగా లేవడానికి, ముందు వరసలో అప్పటికే లేచిన ఇంకో చెయ్యి కూడా కారణం. గాజుల్లేని, ఇంక్ మరకలున్న ఆ చెయ్యి నర్సింగ్ మూడో సంవత్సరం కరోలిన్‌ది.

మెల్‌బోర్న్ అక్టోబరు ఆకాశం ఉరుముతోంది. ట్రెజరీ గార్డెన్స్‌లో వేలమంది జనం. ప్లకార్డులు, తోపుడు బళ్లలో పసిపిల్లలు, గిటార్లు. రోడ్డుకి అవతల బారికేడ్ల వెనక డప్పులు కొడుతూ ఇంకో గుంపు వీళ్లకి వ్యతిరేకంగా అరుస్తోంది. మధ్యలో పోలీసు గుర్రాలు. వాటిని చూసినప్పుడల్లా ఎబెన్‌కి తన స్టూడెంట్ వీసా గుర్తొస్తోంది. ఒక్క తోపులాట, ఒక్క కేసు, చీరాల్లో నాన్న ఫోనెత్తి వినే ఒక్క వార్త!

“విను.” కరోలిన్ గొంతు మారింది. “రెండున్నరకి పార్లమెంట్ మెట్ల మీద నేను మాట్లాడాలి. మా నాయనమ్మ ముందు వరసలో కూర్చోవాలి. ఆవిడ కనపడకపోతే నాకు నోరు పెగలదు. అక్కడిదాకా తీసుకురావడం నీ డ్యూటీ. చెయ్యి వదలకు.”

“సరే.”

“చెయ్యి వదలకు, ఎబెన్.”

“సరేనన్నాగా!”

“వదిలావో, చంపేస్తా.”

నాయనమ్మ పేరు మరియరాణి. డెబ్బై ఎనిమిదేళ్లు. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చి, నగరం అంచున టార్నీట్‌లో కొడుకింట్లో ఉంటోంది. కళ్లకి శుక్లాలు. తెల్లచీర కట్టుకుని, కొంచెం వంగి నడుస్తోంది.

“మొహాలు ఆనవు నాయనా నాకు. ఈ పసుపు రంగు కనపడితే నువ్వే అనుకుంటా,” అంది ఎబెన్ వెస్ట్‌ని తడిమి.

కరోలిన్ ముందే మెట్ల వైపు వెళ్లిపోయాక, ఎబెన్ మామ్మగారి చెయ్యి పట్టుకున్నాడు. మార్చ్ కదిలింది. చినుకులూ మొదలయ్యాయి.

స్ప్రింగ్ స్ట్రీట్ మలుపులో డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగాయి. ఒక గుర్రం ముందుకాళ్లు లేపింది. అదే క్షణంలో వెనక ఎవరో కేకేశారు. ఒకావిడ తోపుడు బండి చక్రం ట్రామ్ పట్టాలో ఇరుక్కుపోయింది, లోపల బిడ్డ ఏడుస్తోంది.

“ఒక్క నిమిషం, మామ్మగారూ.”

ఎబెన్ చెయ్యి వదిలాడు.

చక్రం లేపి వెనక్కి తిరిగేసరికి, ఆరడుగుల ముందు కొంచెం వంగి నడుస్తున్న తెల్లచీర కనిపించింది. అమ్మయ్య అనుకున్నాడు. జనం మధ్య నుంచి దాన్నే చూస్తూ పది నిమిషాలు నడిచాడు. మెట్ల దగ్గరికొచ్చాక మెల్లగా మోచెయ్యి పట్టుకున్నాడు.

“మామ్మగారూ, ఇటు రండి.”

తెల్లచీర గిర్రున తిరిగింది. చర్చిలో ఆదివారం వంటలు చూసే శ్యామసుందరి ఆంటీ! నడుం పట్టేసి వంగి నడుస్తోంది.

“ఏంటి ఎబెన్, నేను మామ్మనా నీకు?”

ఎబెన్ చుట్టూ చూశాడు. తెల్లచీర. పక్కన తెల్లచీర. వెనక ఇంకో ఇరవై. నాలుగు తెలుగు సంఘాల ఆడవాళ్లూ గుడ్ ఫ్రైడేకి కట్టినట్టే ఇవాళ కూడా అందరూ తెల్లవే కట్టాలని ముందురోజు నిర్ణయించుకున్నారు!

వాకీటాకీ నొక్కాడు. “దాసు అంకుల్, కరోలిన్ వాళ్ల నాయనమ్మ కనపడట్లేదు. తెల్లచీర.”

“ఒరే నాయనా! ఏ తెల్లచీరని వెతకమంటావ్?”

టైము రెండు పది. ఎబెన్ ఎదురు పరిగెత్తాడు.

వచ్చిన దారంతా ఖాళీ అవుతోంది. తడిసిన కరపత్రాలు, ఒక పిల్లాడి బూటు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఫోను లేదు, షుగర్ ఉంది. ఎక్కడో పడిపోయి ఉంటే? కరోలిన్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడు కనపడింది. బారికేడ్ అవతల, డప్పుల గుంపుకి వెనకాల, ట్రామ్ స్టాప్ బెంచీ మీద తెల్లటి చుక్క.

“ఆ వెస్ట్‌తో లోపలికి వద్దు, మేట్,” అంది పోలీసావిడ. “తీసేసి వెళ్లు.”

తీసి బ్యాగులో కుక్కి, తలొంచుకుని గుంపులోకి దూరాడు. భుజాలు తగులుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. సగం దూరం వెళ్లాక తలెత్తితే, మామ్మగారు లేచింది. ఆకుపచ్చ జుట్టు అమ్మాయి ఎవరో గొడుగు పట్టి, ఆవిణ్ణి పక్కవీధిలోకి నడిపిస్తోంది.

“మామ్మగారూ!”

డప్పులు ఆ కేకని మింగేశాయి. మళ్లీ అరిచాడు. ఇంకో పది అడుగులైతే మలుపు తిరిగిపోతారు.

ఆవిడకి మొహాలు ఆనవు. రంగే ఆనుతుంది.

ఎబెన్ బ్యాగులోంచి వెస్ట్ లాగి, రెండు చేతులతో తలపైకెత్తి ఊపాడు.

డప్పులు ఆగాయి. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కసారే తిరిగాయి. “వన్ ఆఫ్ దెమ్!” అని ఎవరో అరిచారు. అయిదారు ఫోన్లు అతని మొహంలోకి దూసుకొచ్చాయి. వెనకనుంచి ఎవరో కాలర్ పట్టుకున్నారు. అయిపోయింది అనుకున్నాడు. అయినా చేతులు దించలేదు.

“అదుగో, మా పిల్లోడు!”

ఆ ముసలి గొంతు తెలుగులోనే గుంపుని చీల్చింది. “తప్పుకోండమ్మా, తప్పుకోండి!”

“షీ నోస్ హిమ్! లెట్ హిమ్ త్రూ!” ఆకుపచ్చ జుట్టు అమ్మాయి గొడుగుతో జనాన్ని తోస్తూ వచ్చింది. కాలర్ మీద చెయ్యి వదిలింది. ఆ అమ్మాయి ఇద్దర్నీ బారికేడ్ దాకా దిగబెట్టి, “ట్రైన్ స్టేషన్ అడుగుతోంది అనుకున్నా,” అని ఇంగ్లీషులో చెప్పి, తన ప్లకార్డు తీసుకుని వెళ్లిపోయింది.

టైము రెండు ఇరవై.

“తప్పిపోయారా మామ్మగారూ? తప్పు నాదే...”

“తప్పిపోలేదు నాయనా. ఇంటికెళ్లిపోదామని కావాలనే ఆగి, ఆ బారికేడ్ సందులోంచి అటెళ్లిపోయా.”

ఎబెన్ నిలబడిపోయాడు.

“రోజూ గదిలో పిల్ల ఆ మాటలు బట్టీ పడుతుంటే విన్నా. ఇంగ్లీషైతే మాత్రం? గుంటూరు, స్కానింగ్, థర్డ్ గర్ల్... ఆ మాత్రం తెలియదా నాకు?” ఆవిడ తడిసిన కొంగు పిండుకుంది. “మూడోది కూడా ఆడపిల్లే అని తెలిశాక, తీయించెయ్యమని కోడల్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది నేనే. అది వరసలోంచి లేచి పుట్టింటికి పారిపోయింది కాబట్టి ఈ పిల్ల బతికింది. ఇవాళ ఇంతమందిలో నా పేరు చెబుతుంది. నేనక్కడ ఎట్టా కూర్చోను?”

ఎబెన్ తన బ్యాగుని ఆవిడ తలకి వాన పడకుండా అడ్డుపెట్టాడు. మెల్లగా అన్నాడు. “మీరు కనపడకపోతే నోరు పెగలదంది.”

“తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండాలిగా.”

“తిట్టాలనుకున్న మనిషి గురించి, చెయ్యి వదలకు వదలకు అని అన్నిసార్లు చెప్పదండీ.”

ఆవిడ మసక కళ్లతో అతని వైపు చూసింది. తర్వాత తనే అతని చెయ్యి పట్టుకుంది.

వాళ్లు మెట్ల దగ్గరికి చేరేసరికి మైకు ముందు కరోలిన్ నిలబడి ఉంది. మాట్లాడట్లేదు. వేలమంది ఎదురుచూస్తున్నారు. ఖాళీ కుర్చీ మీద ఉన్న ఆమె చూపు ఎబెన్ మళ్లీ వేసుకున్న పసుపు వెస్ట్ మీదికి, పక్కనున్న తెల్లచీర మీదికి మళ్లింది. ఊపిరి వదిలింది.

ఇంగ్లీషులో మొదలుపెట్టింది. “నేను పుట్టకూడదని ఒకావిడ అనుకుంది.”

మరియరాణి గోళ్లు ఎబెన్ అరచేతిలో దిగబడ్డాయి.

“ఎనిమిదో నెలలో పుట్టాను. కేజీన్నర కూడా లేను. అప్పుడు నలభై రోజులు నన్ను తన గుండె మీద పడుకోబెట్టుకుని, రాత్రీ పగలూ కాపాడింది కూడా ఆవిడే.” ఆగి, తెలుగులోకి మారింది. “నాయనమ్మా, నాకు పన్నెండేళ్లప్పుడే అమ్మ చెప్పింది. నేను అప్పుడే క్షమించేశా. నీతో చెప్పడానికే ఇన్నాళ్లూ భయపడ్డా. పైకి రా.”

ఒక్కో మెట్టూ ఎక్కించింది ఎబెనే. పైన ఇద్దరూ కావలించుకుని ఏడుస్తుంటే, ఎటు చూడాలో తెలీక వాకీటాకీ వైపు చూశాడు.

మీటింగ్ అయ్యాక నిజం చెప్పేశాడు. “చెయ్యి వదిలేశా. చాలాసేపు కనపడలేదు. నా ఫోటోలు ఈపాటికి నెట్‌లో ఉంటాయి. చంపుతావా?”

కరోలిన్ అతని చిరిగిన కాలర్ చూసింది. వేలితో మెల్లగా సర్దింది. గుర్రాల కన్నా ఎక్కువ భయమేసింది అతనికి.

“మీది ఏ సంఘం నాయనా?” మధ్యలో దూరింది మరియరాణి.

“బాప్టిస్టు, మామ్మగారూ.”

“మేము ఆర్.సి.ఎం., కేథలిక్కులం. మా ఇంట్లో ఇప్పటిదాకా బాప్టిస్టులు లేరు.”

“నాయనమ్మా!” కరోలిన్ మొహం ఎర్రబడింది. “ఎవరడిగారు ఇప్పుడు?”

“ఎవరూ అడగలేదే. ఒకసారి అనకూడని మాట అని ఇన్నేళ్లు కుమిలిపోయా. అందుకే ఈసారి అనాల్సింది ముందే అనేస్తున్నా. కుర్రాడు నాకు నచ్చాడు.”

ఎబెన్ కరోలిన్ వైపు చూశాడు.

“చదువు అయ్యాక,” అంది కరోలిన్, నేల చూపులు చూస్తూ.