తాడు పట్టుకున్నవాడు

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే పిల్లలంతా తుర్రుమన్నారు. పేరమ్మ మాత్రం పోస్టుకార్డు మీద వంగి, పెన్సిలు మొన విరిగేలా నొక్కి రాస్తోంది.

ఆమె కోపమంతా పంచవీరుల మీద. నెలనెలా గంగాధరం అయ్యవారికి వచ్చే పిల్లల పుస్తకంలో పంచవీరుల బొమ్మల కథ వస్తుంది. ఒక్క పుస్తకాన్ని బడంతా వంతులేసుకుని చదువుతారు. ఈ నెల నలుగురు వీరులు పాతాళంలోకి దిగి రాక్షసుడితో హోరాహోరీగా పోరాడారు. అయిదోవాడు స్థిరుడు మాత్రం పైన తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది పేజీలూ అంతే! ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు.

పుస్తకం వేసేవాళ్ళకి రాసిన ఆ కార్డుని పేరమ్మ తెచ్చి అయ్యవారి చేతిలో పెట్టింది.

"అయ్యా, ఈ నెల కథ నాకు నచ్చలేదు. స్థిరుడు దండగ. వాణ్ణి తీసేసి, ఎగిరే వీరుణ్ణి పెట్టండి. ఇట్లు, పేరమ్మ, అయిదో తరగతి."

అయ్యవారు చదివి నవ్వారు. "సోమవారం టపాలో వేస్తాలే. ఈలోగా ఇంకోసారి ఆలోచించుకో."

"ఆలోచించేదానికి ఏముందయ్యవారూ? పుస్తకం ఇంటికి తీసకపోనా?"

"తీసకపో. తడపబాక."

ఇంటికి రాగానే నాయన కామాక్షయ్య పిలిచాడు. "మీ తాతకి జరమొచ్చింది. ఈ పూట తాడు నువ్వే పట్టుకోవాలమ్మే."

వాళ్ళది అలివి వల. దాని తాడు కొస ఒకటి ఒడ్డున ఉంటుంది. పడవ సముద్రంలోకి వెళ్ళి, అర్ధచంద్రంలాగా వల వదులుకుంటూ, రెండో కొసతో దూరంగా మళ్ళీ ఒడ్డుకొస్తుంది. అప్పుడు ఊరంతా చేరి రెండు కొసలూ లాగుతారు. అందాకా మొదటి కొసని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

కామాక్షయ్య ఒడ్డున పాతిన సరుగుడు గుంజకి తాడు రెండు చుట్లు వేసి, కొస కూతురి చేతికిచ్చాడు. "బరువంతా గుంజే మోస్తాది. నువ్వు కొస వదలకుండా పట్టుకో, చాలు. మేం ఒడ్డెక్కేదాకా యాడికీ పోబాక."

పడవ అలలు దాటింది. లాగే జనమంతా పడవ వచ్చే చోట, చాలా దూరంలో చేరారు. ఇక్కడ పేరమ్మ ఒక్కతే. కాసేపటికే విసుగు పుట్టింది.

అంతలో అయ్యవారి కొడుకు ఆనందబాబు వచ్చాడు. "స్థిరుడు దండగని రాసినావంట! చివరి పేజీ సరిగ్గా చూసినావా?"

"చూసేదేముంది? ఆడా నిలబడే ఉండాడు!"

"వాడి కాళ్ళు చూడలేదా? మోకాళ్ళ దాకా రాతిలోకి దిగబడినాయి."

"అబద్ధం! రా, చూపిస్తా."

పుస్తకం ముప్పై అడుగుల దూరంలో, తెప్ప నీడన ఉంది. పేరమ్మ తాడు కొస ఇసుకలో పూడ్చి, పైన రాయి పెట్టింది. ఒక్క నిమిషమే కదా అనుకుంది.

ఆరో పేజీ తిప్పుతుండగా సర్రున చప్పుడైంది. రాయి దొర్లిపోయింది. తాడు గుంజ మీద నుంచి జారుతూ అలల్లోకి పోతోంది. అది ఆరిళ్ళ వాళ్ళు కలిసి అల్లుకున్న వల. ఆ వల పోతే ఆరిళ్ళలోనూ పొయ్యి వెలగదు.

పేరమ్మ పరిగెత్తి తాడు మీద పడింది. తాడు ఆమెని మోకాటిలోతు నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. అరిచేతులు భగ్గున మండాయి. ఆనందబాబు వెనక నుంచి తాడు అందుకున్నాడు.

"వదలబాకరా!" అంది పేరమ్మ. "మడమలు ఇసకలో తొక్కిపెట్టు!"

ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. అలల హోరులో ఎవరికీ వినబడలేదు. లాగడం వాళ్ళ వల్ల కాదు, గుంజ దాకా తెచ్చి చుట్టడమూ వాళ్ళ వల్ల కాదు. పట్టుకుని ఉండడం ఒక్కటే వాళ్ళు చేయగలిగింది. పేరమ్మ ఏడుస్తూనే పట్టుకుంది. దూరంగా పడవలో నాయన తలగుడ్డ చిన్న చుక్కలా ఊగుతోంది.

వల పక్కకి కొట్టుకుపోతోందని ముందుగా గుర్తుపట్టింది దూరాన జనంలో ఉన్న అమ్మే. ఆమె వెనకాలే నలుగురు పరిగెత్తుకొచ్చి తాడు అందుకున్నారు. వల దక్కింది. కానీ ఆ కాస్తలో వల వదులై సగం చేప జారిపోయింది.

ఒడ్డున చేపలు కుప్పలు పోసి వాటాలు పంచారు. ఒడ్డున తాడు పట్టినవాళ్ళకీ, పడవలో పోయినవాళ్ళకీ సమానంగా ఇవ్వడం అక్కడి ఆచారం. కామాక్షయ్య ఒక కుప్ప పేరమ్మ ముందు పెట్టాడు. చర్మం ఊడిన ఆమె చేతులు చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"తాడు గుంజ మీంచి జారినా వదల్లేదే నా తల్లి!"

పేరమ్మ ఊరుకుంటే సరిపోయేది. ఆనందబాబు కూడా నోరు మెదపలేదు. కానీ ఆ కుప్ప వంక చూడడానికి ఆమెకి సిగ్గేసింది.

"గుంజ తప్పు కాదు నాయనా. పుస్తకం చూసేదానికి నేనే తాడు వదిలేసి పోయినా."

కామాక్షయ్య ఆ కుప్ప తీసి మిగిలిన బుట్టల్లోకి పంచేశాడు. కొబ్బరినూనె రాసి, తన తలగుడ్డ చింపి కూతురి రెండు చేతులకీ కట్టాడు.

"ఈ పూట వాటా నీది కాదు. చేతులు మానినాక తాడు మళ్ళా నువ్వే పట్టుకోవాల."

సోమవారం టపా పోకముందే పేరమ్మ బడికి వచ్చింది. కార్డు అడిగి తీసుకుంది. పాత మాటలు కొట్టేసి, మిగిలిన చోట రాసింది. కట్టుకట్టిన వేళ్ళతో రాసేసరికి అక్షరాలు వంకరపోయాయి.

"అయ్యా, స్థిరుణ్ణి తీసేయొద్దు. నాదే తప్పు. కానీ ఎనిమిది పేజీల్లో వాడి అరిచేతులు ఒక్కసారి కూడా చూపించలేదు. వచ్చే నెల దగ్గరగా బొమ్మ వేయండి."