సముద్రం వైపు ఒరుగు

పైడిరాజు పోయిన రోజున ఎగువపేటలో సరుకుల బండ్లన్నీ ఎప్పటిలాగే నడిచాయి. అతని మూడు చక్రాల బండిని మాత్రం తోటివాళ్లు కిందికి తోసుకొచ్చి, చక్రాలు విప్పి, చట్రాన్ని, బండ్ల వంకలు సరిచేసే సరిచూపు కొట్టంలో కొక్కేనికి తగిలించి వెళ్లారు.

అది పెంచిన వెదురు. కణుపు కణుపుకూ నాడులుంటాయి. నడిపే మనిషి బరువు ఎటు పడుతుందో నేర్చుకుని, ఒక పక్క బిగుసుకుంటుంది, ఒక పక్క సడలుతుంది. సాయంత్రం కలబోత తీగకు వేలాడదీస్తే ఒక చట్రం నేర్చిన ఒడుపు తక్కినవాటికీ పాకుతుంది. అందుకే చనిపోయినవాళ్ల చట్రాన్ని ముందు, నేర్చిందంతా మరిపించే మరపు తొట్టిలో ముంచాలని ఊరి బండ్లను అదుపులో ఉంచే సమతూక మండలి నియమం.

కర్మలు ముగించుకుని నూకరత్నం కొట్టంలో పనిలోకి వచ్చేసరికి భర్త చట్రం ఆమె వంతులోనే ఉంది. చట్రం వెనుక కాళ్లను పట్టులో బిగించి, దాని ముందు మెడను మెలితిప్పింది. చట్రం కొంచెం లొంగింది. నిద్రలో పక్కకు తిరిగిన మనిషిలా మెల్లగా వెనక్కి వచ్చింది.

ఆ బండి ఇక మంచినీళ్లు మోసే సూరీడమ్మది. ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఇంకెంతసేపే అప్పా? ఆ తొట్లో ముంచి పడేత్తే నా బతుకు నాను బతుకుతాను గదా."

"ముందు ఓపాలి నడుపు."

"ముంచకుండానా? మండలోళ్లు సూత్తే ఇద్దరికీ తిండుండదు."

"సూడనీ" అంది నూకరత్నం.

చక్రాలు తొడిగి, నీళ్ల డబ్బాలు ఎక్కించి, తానూ వెనుక కూర్చుంది. పాతూరి మలుపులో ఎడమవైపు కొండ, కుడివైపు సముద్రం. మలుపు తిరుగుతుండగా బండి కొండవైపు ఒరిగిపోయింది.

"ఓలమ్మో! పడిపోతన్నానే అప్పా! ఆ సముద్రం పక్కని ఎవుడో కూకోవాలన్నట్టుంది దీనికి!"

ఎవరు కూర్చోవాలో నూకరత్నానికి తెలుసు. మూడు చక్రాల బండిని తిప్పేటప్పుడు మలుపు లోపలికి ఒరగాలి. పైడిరాజు ప్రతిసారీ బయటికే, సముద్రం వైపే ఒరిగేవాడు. చక్రం లేచిపోతుందని ఆమె ఎన్నిసార్లు తిట్టినా, "మనిల్లు అగుపడతాదేమోనని" అనేవాడు. సముద్రం ముంచేసిన పాతూరు ఆ నీళ్ల కిందే ఉంది. అతను పడిపోకుండా చట్రం కొండవైపు కాచుకోవడం నేర్చుకుంది. మనిషి లేడు. కాపు అలాగే ఉంది.

"నెమ్మది చెయ్. సముద్రం వైపు ఒరుగు."

సూరీడమ్మ తిట్టుకుంటూనే ఒరిగింది. బండి నిలదొక్కుకుంది. ఏ చక్రమూ లేవలేదు. ఆమె తొక్కడం మరిచిపోయింది.

"నీళ్లల్లో మేడలు అగుపడతన్నాయి అప్పా. ఇన్నేళ్లూ ఈ దారినే ఎల్తన్నాను, ఎప్పుడూ సూడనేదు."

తిరిగొచ్చాక నూకరత్నం తొట్టి దగ్గర చాలాసేపు నిలబడింది. ముంచితే భర్త ఒరిగే తీరు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు. ముంచకుండా కలబోతకు పెడితే ఊరి బండ్లన్నిటికీ పాకుతుంది. తొందరలో ఉన్నవాళ్లెవరైనా బోల్తా పడవచ్చు. అదీ ఆలోచించింది. పొద్దు వాలుతుండగా చట్రాన్ని పొడిగానే తీసుకెళ్లి తక్కినవాటి మధ్య వేలాడదీసింది.

మర్నాడు తెల్లవారక ముందే వెళ్లి మలుపులో నిలబడింది. వచ్చిన ప్రతి బండికీ చెయ్యి అడ్డం పెట్టి "నెమ్మది, నెమ్మది" అంది. కూరగాయల బండ్లు, ఇటుకల బండ్లు, పిల్లల్ని బడికి చేర్చే బండ్లు ఒకదాని వెనుక ఒకటి మందగించాయి. నడిపేవాళ్లు ఒకరొకరే సముద్రం వైపు ఒరిగారు. ఒరిగి, చూశారు. ఒక ముసలాయన ఏదో మేడ పైకప్పును వేలితో చూపించాడు. వెనుకవాళ్లెవరూ గంట కొట్టలేదు.

దారి పక్క స్తంభానికున్న గొట్టంలోంచి మండలి గొంతు పలికింది. "సరుకులు ఆలస్యమవుతున్నాయి. మరపు తొట్టిలో ముంచని చట్రం ఏది?"

"మాకేటి తెలుసు బాబూ, బండి ఒరిగితే మేమూ ఒరుగుతన్నాం" అంది సూరీడమ్మ. నూకరత్నం చెయ్యి దించలేదు. ఇంకా బండ్లు వస్తున్నాయి.

మండలి మళ్లీ అడిగింది. నూకరత్నం తర్వాతి బండికి "నెమ్మది" అంది.

పైడిరాజు చట్రాన్ని ఇంకా తొట్టిలో ముంచలేదు.