మూడో పిలుపు

గుట్ట మీద మేడ ఉయ్యాలో...
మేడలోన గోడ ఉయ్యాలో...
గోడ నిండ ముత్తెపు చిప్పలు ఉయ్యాలో...
చిప్పలల్ల సూస్తె—

అంతే. కిష్టమ్మకు పాట అక్కడిదాకే వచ్చు. చిప్పల్లో చూస్తే ఏం కనబడుతుందో చెప్పే చరణం ఎక్కడో జారిపోయింది. జహీరాబాదు దిక్కునుంచి వచ్చిన అమ్మమ్మ పాడేదట. "ఆ మేడ బీదరుల ఉన్నది బిడ్డా" అనేదట. అమ్మమ్మతోపాటే ఆ చరణం కూడా పోయింది.

దయ్యం కథ చెబుతానని ఈ పాటెందుకంటారేమో. ఒక బావి దగ్గర జరిగినదానికి మొదలు ఈ పాటే మరి.

మాదాపూర్ దాటాక, రాళ్ల గుట్టలు పేల్చి గుండ్రటి మేడ కట్టారే—అది కడుతున్న తొంభై ఎనిమిది నాటి మాట—దానికి కాస్త ఎడంగా ఐలయ్య బాయి అనే పాడుబడ్డ బావి ఉండేది. పొలం అమ్ముడుపోయింది. మోట ఎప్పుడో పోయింది. గట్టు కూలి, చుట్టూ సర్కారు తుమ్మలు మొలిచి, నల్లగా నోరు తెరుచుకుని ఉండేది.

దానికి చెడ్డపేరు. తెల్లవారుజామున అందులోంచి ఒక ఆడగొంతు, తెలిసినవాళ్ల గొంతులాగే, మనిషిని పేరు పెట్టి పిలుస్తుందట. ఒకసారి... ఆగి, ఇంకోసారి. పలికారో, అయిపోయారు. దయ్యానికి రెండుసార్లు పిలిచే బలమే ఉంటుంది, మూడోసారి పిలవలేదు. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరూ రెండు పిలుపులకు పలకరు. మూడోది వినబడితేనే, అది మనిషి.

కిష్టమ్మ ఇల్లు బాయికి ఇవతల. భర్త పోయాక ఒంటరి మనిషి. ఆ గుండ్రటి మేడ పనిలో తట్టలు మోసేది. బాయికి అవతల కొత్త కాలనీలో నాగేశ్వరి కిరాయికుండేది. కాకినాడ వైపు మనిషి. ఆమె భర్త పార్థసారథి టెలిఫోన్ల ఆఫీసులో గుమాస్తా. పిల్లలు లేరు. మధ్యాహ్నాలు తోచక, కూలిపనికొచ్చే ఆడవాళ్లను వరండాలో కూర్చోబెట్టి పలకలు చేతికిచ్చింది. పదిమంది వచ్చారు, తొమ్మిదిమంది మానేశారు. మిగిలింది కిష్టమ్మ. యాభై ఆరేళ్ల వయసులో 'అ' దిద్దింది.

'ఱ' దాకా వచ్చాక ఒకరోజు కిష్టమ్మ ఆ పాట పాడింది.

"తర్వాత ఏముందక్కా?"

"ఎవరికెరుక చెల్లె? ఆ మేడ సూసినోళ్లకే ఎరుక."

నాగేశ్వరి కళ్లు మెరిశాయి. "అయితే బీదరు వెళ్లి చూసొద్దాం. పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చెయ్యొచ్చు. నా ఆపరేషన్ లోపే వెళ్లాలి."

నాగేశ్వరి గుండెలో ఏదో తలుపు సరిగా మూసుకోవడం లేదన్నారు డాక్టర్లు. వచ్చే నెల ఆపరేషన్. ఆ తర్వాత ఏమవుతుందోనని ఆమెకు లోపల దిగులు. పైకి మాత్రం నవ్వేది.

ఇక ఇద్దరికీ అదే పని. నోటుపుస్తకం తెరిచి ఒక్కో మాట నాగేశ్వరి చెప్పడం, కిష్టమ్మ నాలుక బయటపెట్టి మరీ రాయడం. చందానగర్‌లో ఐదున్నర బస్సు. పులిహోర. జొన్నరొట్టెలు. నీళ్ల సీసాలు రెండు. జంపఖానా. గొడుగు. నాగేశ్వరి మాత్రలు. బీదరు కోటలో ముందు ముత్యపు చిప్పలు పొదిగిన రంగీన్ మహలు, తర్వాత మిగిలిన మహళ్లు, ఓపికుంటే కోట గోడ.

పార్థసారథి తొంగి చూసి, "కోట చూసొస్తారా, ఇద్దరూ కలిసి పట్టుకొస్తారా?" అన్నాడు.

"పట్టుకొచ్చినా నీకియ్యం సారూ" అంది కిష్టమ్మ. "మెట్లున్నకాడ చెల్లెను నేను ఎత్తుకుంట. తట్టకన్న బరువా ఏంది?"

పుస్తకంలో పాట కూడా రాసింది. మూడు వరుసలు రాసి, నాలుగోదానికి జాగా వదిలింది. "అక్కడ చూశాక నింపుదురుగాని" అంది నాగేశ్వరి.

ఆదివారం అనుకున్నారు. ఒక్కటే చిక్కు. నాలుగింటికి బయలుదేరాలి, కిష్టమ్మకు చీకట్లో బాయి పక్కనుంచి రావాలంటే వణుకు.

"నేనే వచ్చి పిలుస్తాలెండి" అంది నాగేశ్వరి. "నాకు మీ దయ్యాలు తెలియవు, వాటికీ నేను తెలియను."

"మూడుసార్లు పిలువు చెల్లె. రెండింటికి నేను పలక. యాది మర్వకు, మూడు."

"మూడే అక్కా. ఒట్టు."

శనివారం గుండ్రటి మేడ మీద స్లాబు పోశారు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపరు. పొద్దున ఎనిమిదింటికి ఎత్తిన తట్ట రాత్రి పన్నెండు దాటాక దించింది కిష్టమ్మ. ఇంటికొచ్చి, రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి, కొత్త చీర కట్టుకునే నడుం వాల్చింది. కట్టుకోవడానికి మళ్లీ ఓపిక ఉండదేమోనని.

ఎంతసేపు పడుకుందో...

"కిష్టమ్మక్కా..."

కళ్లు తెరుచుకున్నాయి. చిమ్మచీకటి.

గొంతు సన్నగా ఉంది. చెల్లెదేనా? వీధి కుక్క పొద్దస్తమానం మొరిగేది—ఇప్పుడు కిక్కురుమనలేదు. దయ్యం వస్తే కుక్కలకు నోరు పడిపోతుందంటారు.

లేచి, తలుపు దాకా వచ్చి, గొళ్లెం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. ఒకటి, అనుకుంది.

బయట గాజులు కదిలినట్టయింది.

"కిష్టమ్మక్కా..."

మొదటిసారికన్నా మెల్లగా. బాయి అడుగునుంచి వచ్చినట్టు. రెండు, అనుకుంది. ఇంకొక్కటి. ఒక్కటంటే ఒక్కటి. పిలువు చెల్లె. నువ్వైతే పిలువు.

మూడోది రాలేదు.

తలుపుకు అవతల, చెయ్యి చాపితే అందే దూరంలో, ఆ గొంతు ఏదో అంది. నాలుగు మాటలు. తర్వాత అడుగులు... బాయి వైపు... దూరమైపోయాయి.

కిష్టమ్మ తలుపుకు ఆనుకుని అట్లాగే కూలబడింది. దయ్యమే. తప్పించుకున్నాను తల్లీ, అనుకుంది. చెల్లె వచ్చి మూడుసార్లు పిలుస్తుందని తెల్లవారేదాకా కూర్చుంది.

ఎవరూ రాలేదు. ఎండ వచ్చింది. ఐదున్నర బస్సు ఎప్పుడో పోయింది. మొదట కోపం వచ్చింది. నన్ను తయారుగా ఉండమని తాను నిద్రపోయిందా? తర్వాత భయం వేసింది. రొట్టెల మూట పట్టుకుని బాయి పక్కనుంచి గబగబా నడిచింది.

కాలనీలో నాగేశ్వరి ఇంటి ముందు చెప్పులు. చాలా చెప్పులు.

పార్థసారథి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కిష్టమ్మను చూసి, ఏదో అప్పగించాల్సింది గుర్తొచ్చినవాడిలా లేచాడు.

"మూడున్నరకే బయల్దేరింది కిష్టమ్మగారూ. పులిహోర కట్టుకుని మీ ఇంటిదాకా వచ్చింది. మీ కుక్క కాళ్లకు చుట్టుకుందిట, దానికి ఇంత పులిహోర పెట్టిందిట. రెండుసార్లు పిలిచిందిట."

కిష్టమ్మ వెనక్కి తిరిగి బాయి వైపు చూసింది.

"రాత్రి ఆ మేడ మీద లైట్లు చూస్తూ కూర్చుందండీ. పన్నెండుదాకా ఆరలేదు. అక్క ఇంకా మోస్తూనే ఉంది, ఇంకా మోస్తూనే ఉంది అని ఒకటే గోల. తిరిగొచ్చి ఏమందో తెలుసా? మూడోసారి పిలిస్తే లేచేస్తుందండీ, లేపబుద్ధి కాలేదు, అంది. నేనిలా కాస్త ఒరుగుతాను, ఏడింటికి కాఫీకి లేపండి, అంది."

కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏడింటికి లేపానండీ... మూడుసార్లూ పిలిచాను."

లోపల చాప మీద నాగేశ్వరి, ప్రయాణం చీరలోనే. కిష్టమ్మ రొట్టెల మూట ఆమె పక్కన పెట్టింది. ఎవరూ తియ్యమనలేదు.

పదోరోజున పార్థసారథి నోటుపుస్తకం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

ఇక బాయి సంగతి.

ఆ ఏడు చలికాలంలో ఆ మేడ దగ్గరి కాపలావాళ్లు ఒక కొత్తమాట మొదలుపెట్టారు. ఐలయ్య బాయి దయ్యం ముదిరిపోయిందట. ఇదివరకు రెండుసార్లే పిలిచేది—ఇప్పుడు మూడుసార్లు పిలుస్తోందట. తెల్లవారుజామున నాలుగింటికి... రోజూ.

మూడు పిలుస్తే అది మనిషని కదా లెక్క? మరి ఇది ఏంది? జనం పరేషాన్. ఆ దారే మానేశారు.

తిరుపతి అని ఒక కాపలాదారు, నలభై ఏళ్లవాడు, నలుగురు పిల్లల తండ్రి, ఒకరోజు ఇక తెగించాడు. దుప్పటి కప్పుకుని, టార్చి ఆర్పేసి, తుమ్మచెట్ల వెనక నక్కాడు.

నాలుగైంది.

"చెల్లే... నాగమ్మా..."

తిరుపతి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

"చెల్లే... నాగమ్మా..."

టార్చి మీటను తడుముకున్నాడు.

"చెల్లే... నాగమ్మా!"

టార్చి వేశాడు. కూలిన గట్టు మీద ఒక ముసలామె. సిమెంటుకు పగిలిన చేతులు. పక్కన మెల్లగా తోక ఊపుతున్న వీధి కుక్క. ఒళ్లో ఒక నోటుపుస్తకం.

"నేనే బిడ్డా... కిష్టమ్మను. బుగులు పడకు."

"ఎవల్ని పిలుస్తున్నవే అవ్వా, గీ యాల్ల?"

కిష్టమ్మ పుస్తకం తెరిచింది. "ఆమె రెండే పిలిచింది" అంది. "మూడోది నా దగ్గర ఉండిపోయింది."

అతనికేమీ అర్థం కాలేదు. పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోని పుస్తకం మీద వెలుతురు పడింది. బస్సు, పులిహోర, జంపఖానా... కింద పాట. మూడు వరుసలు. నాలుగోదానికి వదిలిన జాగాలో వంకరటింకర అక్షరాలు, పక్కన ఎవరూ కూర్చుని చెప్పకుండా కిష్టమ్మ తనంతట తాను రాసిన మొదటి మాటలు. ఆ రోజు తలుపుకు అవతల విన్నవి.

తిరుపతి కూడబలుక్కుని చదివాడు.

"పడుకోండి అక్కా... రేపు పోదాం."